అమ్మవారి జీపుకి రిటన్ పైపు

పెదపాలెం,
ఆదివారం.

చిరంజీవి వెన్నెలకు, నీ మామ చిన్నపోలయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేను, మీ అత్త కామమ్మ, పడవ, వలలు అందరం క్షేమం. జీపు ఒక్కటే క్షేమం కాదు. ఆ సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

ఫోను చెయ్యొచ్చు గదా అంటావు. పోయినసారి ఫోన్లో నేను చెప్పింది నువ్వు వినలా, నువ్వు చెప్పింది సముద్రపు గాలికి నాకు వినపడలా. ఎవరి మాట వాళ్ళం అరుచుకుని పెట్టేసినాం. నీతో ఫోన్లో మాట్లాడే కంటే ఉత్తరం రాయడం మేలు మామా అని నువ్వే అన్నావు. అన్నావు గాబట్టి రాస్తున్నా. మన హజరత్తయ్య చేపల వ్యాను తోలుకుని మద్రాసు పోయేది మీ వెంకటాచలం వర్క్‌షాపు ముందర నుంచే. పోతా ఉత్తరం ఇస్తాడు, వస్తా జవాబు తెస్తాడు.

పోయినేడు తిరణాలలో జరిగింది నీకు తెలుసు. అయినా మళ్ళీ రాస్తాను, రాస్తే గానీ నా కడుపుమంట చల్లారదు. గంగమ్మను ఊరేగించే హక్కు మన పెదపాలెం వాళ్ళది. మా నాయన కాలంలో భుజాల మీద మోసినారు, నా పెద్దరికంలో ఊరంతా కలిసి పెట్రోలు జీపు కొన్నాం. గుడి దగ్గర బయలుదేరి, పక్కనున్న కొత్తూరు వీధిలో పోయి, మన పాలెం దాటి, సముద్రంలో అమ్మకు స్నానం. ఆ ఎండలో డప్పుల వెనక నడకన పోతా పోతా, జీపు సరిగ్గా కొత్తూరు ఆర్చి ముందర ఆగిపోయింది. బానెట్ ఎత్తి నీళ్ళు పోసినాం, కార్బొరేటరుకి దణ్ణం పెట్టినాం, జీపు తోలే హజరత్తయ్య దాన్ని బతిమాలినాడు, తర్వాత తిట్టినాడు. కదల్లా. ఆఖరికి కొత్తూరు పెద్ద ఓబులేసు తన ట్రాక్టరు తెచ్చి, మోకు కట్టి, సముద్రం దాకా లాగినాడు. సముద్రం మీద వేటకి పోయేవాళ్ళ అమ్మవారిని వరిమళ్ళలో తిరిగే ట్రాక్టరు లాగింది.

లాగి ఊరుకున్నాడా? "అమ్మ మా ఆర్చి కాడే ఎందుకు నిలబడిందనుకుంటా ఉండారు? మా ట్రాక్టరు ఎక్కాలని ఆమెకి మనసయింది" అన్నాడు. రెండూళ్ళ పెద్దలు కూర్చుని తీర్పు చెప్పినారు. ఈ ఏడు కూడా జీపు దారిలో ఆగితే అది అమ్మ ఇష్టమే. ఇంక ఊరేగింపు ట్రాక్టరు మీదనే.

మొన్న మన చుట్టాల పెళ్ళిలో నువ్వు అందరి ముందర ఒక మాట అన్నావు. కార్బొరేటరు పీకేసి ఇంజెక్షను పెడితే ఆ జీపు ఇంక ఆగదు అన్నావు. డిప్లొమా చదివి రెంచీ పట్టిన పిల్ల మా ఇంటి పిల్ల అని నేను జువ్వలదిన్నె హార్బరులో కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకుంటా ఉండాను. ఇప్పుడు చేసి చూపించు. జీపు పంపిస్తున్నా.

చెప్పులతో సీటు ఎక్కకూడదు. నీసు తిన్న చేత్తో స్టీరింగు ముట్టకూడదు. మేం ముట్టుకుంటాం, అది వేరే సంగతి, మాకు అమ్మ దగ్గర చనువు.

ఇట్లు, పరువు నీ చేతిలో పెట్టి కూర్చున్న
నీ మామ.

తా.క.: జీపు హారను మోగదు. అది బాగు చెయ్యబాకు. అమ్మ ఎదట ఎవరూ హారను కొట్టకూడదని నేనే వైరు పీకేసినాను.


వెంకటాచలం,
బుధవారం.

మామకు వెన్నెల నమస్కారాలు. అత్తను అడిగానని చెప్పు.

జీపు చేరింది. హజరత్తయ్య అన్న హైవే మీద కూడా చెప్పులు లేకుండానే తోలాడట, పాదాలు కాలి మా షెడ్డులో నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నీ జీపు రోగం కనిపెట్టాను. ఇంజను వేడికి పైపులోనే పెట్రోలు మరిగి ఆవిరైపోతోంది. నడకన పోతుంటే గాలి తగలదు, వేడి ఇంకా ఎక్కుతుంది. ఆవిరిని పాత పంపు తొయ్యలేదు, ఇంజనుకి చుక్క అందదు, ఆగిపోతుంది. ఇందులో అమ్మవారి మనసూ లేదు, ఓబులేసు మనసూ లేదు.

మందు ఏమిటో కూడా చెబుతాను. కార్బొరేటరు తీసేశాను. ట్యాంకులో కరెంటు పంపు పెట్టాను. అక్కణ్ణించి ఒక పైపు ఇంజను దాకా పోతుంది. ఇంజను మీద ఒక గొట్టం, దానికి పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు. పంపు ఎప్పుడూ కావలసిన దానికంటే ఎక్కువే తోస్తుంది. ఇంజను తాగినంత తాగుతుంది, మిగిలింది రెండో పైపులో వెనక్కి ట్యాంకులోకి వచ్చేస్తుంది. దాన్ని రిటన్ పైపు అంటాం. పెట్రోలు ఒకచోట నిలబడి మరగకుండా పోతూ వస్తూ చల్లగా ఉంటుంది. ఈ పని మొత్తానికి ప్రాణం ఆ పైపే.

నీ జీపు ట్యాంకుకి వెనక్కి వచ్చే దారే లేదు. ట్యాంకు దించి, కడిగి, ఆరబెట్టి, కొత్త దారి పెట్టించాను. మా ఓనరు కిషోర్ బాబు అంత దూరం ఎందుకమ్మా, రిటన్ని పంపు పక్కనే కలిపెయ్యి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అట్లా చేస్తే వేడి పెట్రోలు అక్కడక్కడే తిరుగుతుంది, ట్యాంకు దాకా పోయి చల్లారి రావాలి. పైపు ఎక్కడా వేడికి ఆనకుండా, ఎక్కడా రాసుకోకుండా చాసిస్ వెంట తీసుకొచ్చి క్లిప్పులు వేశాను. చూసినవాళ్ళు కంపెనీలోనే అట్లా పుట్టిందనుకోవాలి. పని అయ్యాక నేనే కాసేపు కింద పడుకుని చూసుకున్నాను మామా, అంత బాగా వచ్చింది.

నీ మేనకోడలు,
వెన్నెల.

తా.క.: నీ ఉత్తరం చివరిదాకా చదవకముందే హారను బాగు చేసేశాను. చాలా బాగా మోగుతోంది.


పెదపాలెం,
శనివారం.

చిరంజీవి వెన్నెలకు మామ దీవెనలు.

హారను సంగతి తర్వాత. "ఇంజను తాగినంత తాగుతుంది, మిగిలింది వెనక్కి ట్యాంకులోకి వచ్చేస్తుంది." ఈ మాట నువ్వే రాసినావా? మనింట్లో పుట్టిన పిల్లవేనా రాసింది?

ఒకరు తాగి మిగిల్చింది ఏమంటారు వెన్నెలా? ఎంగిలి అంటారు. ఆ ఎంగిలి మళ్ళీ ట్యాంకులో కలిపితే ట్యాంకు ట్యాంకంతా ఎంగిలి. నేను గ్లాసులో సగం మజ్జిగ తాగి మిగిలింది కుండలో పోస్తే మీ అత్త ఊరుకుంటుందా? కుండనూ నన్నూ కలిపి వాకిట్లో పెడుతుంది. మరి అమ్మవారి బండిని ఎంగిలి పెట్రోలుతో తోలమంటావా? పాత కార్బొరేటరు ఎంత మర్యాద గలది. ఇచ్చింది తాగేది, తాగలేకపోతే ఆగిపోయేది. వెనక్కి పంపడం మాత్రం ఎరగదు.

పూజారి కామాక్షయ్యను అడిగినాను. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయినాడేమో అని నేను దగ్గినాను. అప్పుడు కళ్ళు తెరిచి, శాస్త్రంలో పెట్రోలు గురించి విడిగా చెప్పలేదు, కాబట్టి పాలకు ఏ నియమమో దీనికీ అదే అని తేల్చినాడు.

నేను ఉపాయం ఆలోచించినా. రిటన్ పైపు ట్యాంకులోకి పెట్టబాకు. సీటు వెనక ఒక డబ్బా కట్టు. మిగిలింది దాంట్లో పడతాది. తిరణాల అయినాక మన పాలెం కుర్రోళ్ళు మోటారు సైకిళ్ళకు పోసుకుంటారు. వాళ్ళకు ఎంగిలి పట్టింపు లేదు, ఒక కూల్‌డ్రింకు సీసా అందరూ తాగుతారు. మీ అత్త నూనె డబ్బా ఒకటి కడిగి ఎండలో బోర్లించింది కూడా.

ఇట్లు, మనసు కుదుట లేని
నీ మామ.

తా.క.: ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, కామాక్షయ్యకు తప్ప. కామాక్షయ్య కూడా ఎవరికీ చెప్పలేదు, ఓబులేసుకు తప్ప.


వెంకటాచలం,
సోమవారం.

మామకు నమస్కారాలు. ఈ ఒక్కసారికే.

సీటు వెనక పెట్రోలు డబ్బా పెడదామంటావా? దాని పక్కన డప్పులు కాచుకునే మంట, ముందర కర్పూరం, వెనక టపాకాయలు. అమ్మవారు సముద్రానికి పోదు మామా, నేరుగా పైకి పోతుంది, నిన్నూ పూజారినీ వెంటబెట్టుకుని. డబ్బా మాట ఇంకోసారి ఎత్తొద్దు.

ఇప్పుడు నిదానంగా చదువు. మన పెళ్ళిళ్ళలో బంతి వేస్తారు గదా. వడ్డించే మనిషి సాంబారు బకెట్ పట్టుకుని వరస పొడుగునా పోతాడు. ఈ విస్తట్లో ఒక గరిట, ఆ విస్తట్లో ఒక గరిట. ఎవరికి కావలసినంత వాళ్ళు వేయించుకుంటారు. బకెట్లో మిగిలింది తిరిగి వంటింట్లోకే పోతుంది. ఆ సాంబారుని ఎవరైనా ఎంగిలి అన్నారా? రెండో బంతికి అదే గదా వడ్డించేది, నువ్వు ఎప్పుడూ రెండో బంతిలోనే గదా కూర్చునేది. ఇంజను మీద గొట్టం ఆ బకెట్. నాలుగు ఇంజెక్టర్లు నాలుగు విస్తళ్ళ దగ్గర వడ్డిస్తాయి. విస్తట్లో పడింది ఇంజనులో కాలిపోతుంది, అందులో చుక్క కూడా వెనక్కి రాదు. వెనక్కి వచ్చేది ఎవరూ ముట్టనిది.

జీపు తయారైంది. నడకన పోతే ఎట్లా ఉంటుందో చూడాలి గదా, నాకిక్కడ డప్పుల వాళ్ళు దొరకలేదు. మిట్టమధ్యాహ్నం బర్రెల మంద వెనక తోలాను. దారిలో బర్రెలు ఆగాయి గానీ జీపు ఆగలేదు. హజరత్తయ్య అన్నతో పంపిస్తున్నాను.

నీ మేనకోడలు,
వెన్నెల.

తా.క.: ఓబులేసుకి తెలిసిపోయిందన్న సంగతి తా.క.లో రాసే సంగతా మామా?


పెదపాలెం,
శుక్రవారం.

చిరంజీవి వెన్నెలకు మామ దీవెనలు.

జీపు వచ్చింది. మీ అత్త దిష్టి తీసింది. తాళం తిప్పితే ఒక్క గుక్కలో స్టార్టయింది, పాలెంలో సగం మంది చూడ్డానికి వచ్చినారు. మా మేనకోడలు చేసింది అని అందరికీ చెప్పినాను, అడగనివాళ్ళకు కూడా చెప్పినాను. నీ సాంబారు బకెట్ మాట చదివి నాకు కొండంత ధైర్యం వచ్చింది. కాగితం జేబులో పెట్టుకుని నేరుగా పెద్దల కూటానికి పోయినా.

చదివి వినిపించినా. అందరూ తలలు ఊపినారు. అంతా బాగుంది అనుకునే లోపల ఓబులేసు లేచినాడు. "వడ్డించేటప్పుడు గరిట విస్తరికి తగిలితేనో? తగిలిన గరిట మళ్ళా బకెట్లో ముంచితేనో?" అన్నాడు. ఊపిన తలలే ఇప్పుడు ఓబులేసు వైపు ఊగినాయి. ఊగక ఏం చేస్తాయి? అందరి ఇళ్ళల్లోనూ ఆ నియమం ఉండేదే. కామాక్షయ్య నన్ను చూసి, ఇంజెక్టరు ఎత్తి వడ్డిస్తుందా, ఆనించి వడ్డిస్తుందా అని అడిగినాడు. నువ్వు అది రాయలా. కాగితం జేబులో పెట్టుకుని వచ్చేసినా.

ఇంక నీకు శ్రమ ఇవ్వడం ఎందుకని నేనే తేల్చేసినాను. జీపు కింద దూరి, రిటన్ పైపు పట్టుకుని, మడత పెట్టి, వల తాడుతో బిగించి ముడి వేసినా. నేను వేసిన ముడి తుఫానులో కూడా ఊడలేదు. ఇప్పుడు ఏదీ వెనక్కి రాదు. పంపు ఇచ్చినదంతా ఇంజను తాగి తీరాల్సిందే.

కానీ అమ్మాయ్, నీ ఇంజెక్షనులో లోపం ఉండాది. ముడి వేసి స్టార్టు చేస్తే జీపు దగ్గింది, ఊగింది, వెనక నుంచి నల్లటి పొగ వదిలింది. వెనక నిలబడి మంత్రం చదువుతున్న కామాక్షయ్య తెల్ల పంచె ఇప్పుడు తెల్లది కాదు. నీ గురించి నేను ఇంత చెప్పుకుంటినే, ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకునేది?

ఇట్లు, తల దించుకున్న
నీ మామ.

తా.క.: ఇంజను దగ్గర పైపు అతుకు చెమట పట్టినట్టు తడిగా ఉండాది, పెట్రోలు వాసన కూడా వస్తా ఉంది. కొత్త పనికి మామూలే అని మీ అత్తకు చెప్పినా. మామూలే గదా?


వెంకటాచలం,
శనివారం.

మామా,

ముందు పోయి ఆ ముడి విప్పు. విప్పి వచ్చి మిగతాది చదువు.

విప్పావా? నిజంగా? సరే.

అది మామూలు కాదు. నీ తా.క. చదవగానే నీకు ఫోన్ చేశాను. నువ్వు ఆ, ఆ, అందరం బాగుండాం అని పెట్టేశావు. అత్తకి చేసి, జీపు దగ్గర దీపం వెలిగించొద్దు, బీడీ వాళ్ళని రానివ్వొద్దు, తాళం తీసి దాచు అని చెప్పాను. అత్త జీపు చుట్టూ ముళ్ళకంప వేసి పీట వేసుకుని కూర్చుందట. మన ఇంట్లో బుద్ధి ఎవరికుందో నాకు మళ్ళీ తెలిసింది.

వెనక్కి పోయే దారి మూస్తే పంపు తోసింది ఎక్కడికి పోతుంది? ఒత్తిడి పెరిగి ఇంజనులో కావలసిన దానికంటే ఎక్కువ పడుతుంది. కడుపు నిండిన మనిషికి ముక్కు మూసి పోసినట్టే. అందుకే దగ్గు, అందుకే పొగ. ఇంకాసేపు అయితే అతుకు ఊడేది. లోపం నా ఇంజెక్షనులో లేదు, నీ ముడిలో ఉంది. హజరత్తయ్య అన్నతో కొత్త పైపు ముక్కలూ క్లిప్పులూ పంపిస్తున్నాను. ఎట్లా వెయ్యాలో చూపించి, నా ముందరే రెండుసార్లు వేయించాను.

ఇంజెక్టరు ఎత్తే వడ్డిస్తుంది. దాని మూతి దేనికీ ఆనదు, పైనుంచి చిమ్ముతుంది. కామాక్షయ్యగారికి చెప్పు.

ఇంకొక సంగతి చెబుతాను, కూర్చుని చదువు. డీజిలు ఇంజన్లకు మొదటినుంచీ రిటన్ పైపు ఉంది. నీ పడవకు ఉంది. ఇన్నేళ్ళుగా నువ్వు దానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి వేటకి పోతున్నావు. ఓబులేసు ట్రాక్టరుకీ ఉంది. ఇంజెక్టర్ల నెత్తి మీద నుంచి సన్నటి పైపు ఒకటి ట్యాంకు వైపు పోతుంది. పోయి నీ కళ్ళతో చూడు.

మామా, ఈ జిల్లాలో పాత జీపుకి ఇంత శుభ్రంగా ఈ పని చేసినవాళ్ళు ఇంకొకరు ఉంటే చూపించు. నేను గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పగా ఉంది కాబట్టి చెబుతున్నాను. నా పని ఆగిపోతే ఒప్పుకుంటాను. నీ వల తాడు వల్ల ఆగితే మాత్రం ఒప్పుకోను.

వెన్నెల.

తా.క.: పడవ రిటన్ పైపుకి ముడి వెయ్యబాకు.


పెదపాలెం,
మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి వెన్నెలకు మామ దీవెనలు, ఎప్పటికంటే ఎక్కువగా.

ముడి విప్పడం నా వల్ల కాలా, కత్తితో కోసినా. హజరత్తయ్య కొత్త పైపు వేసినాడు. పొగ లేదు, తడి లేదు, వాసన లేదు.

తర్వాత పడవ దగ్గరకు పోయినా. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే, ఉంది. దాని పక్కనే కూర్చుని ఇన్నేళ్ళు సద్దన్నం తిన్నాను, అదెందుకు ఉందో ఒక్కనాడూ అడగలా.

నిన్న పెద్దల కూటంలో నేను చాలా వినయంగా మాట్లాడినా. ఓబులేసు ట్రాక్టరు ఎంత పవిత్రమైందో అందరం ఒకసారి చూస్తాం, తెమ్మని అడిగినా. కడిగించి, బంతిపూల దండ వేసి, పసుపు బొట్లు పెట్టి తెచ్చినాడు. నేను దగ్గరకు పోయి చేతికర్రతో ఆ సన్నటి పైపు చూపించి, ఇదేంది ఓబులేసూ అని అడిగినా. "డీజిలు మిగిలింది వెనక్కి పోయే పైపులే" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

అయితే అమ్మవారు నడిచి పోవాల్సిందే అన్నాడు కామాక్షయ్య. ఎవరో ఎద్దులబండి మాట ఎత్తినారు. ఎద్దులు నెమరు వేస్తాయి, మింగింది మళ్ళీ నోట్లోకి తెచ్చుకుంటాయి, అది ఇంకా ఘోరం అని ఆయనే కొట్టేసినాడు. చాలాసేపు చర్చ జరిగి, పెట్రోలుకు, డీజిలుకు ఎంగిలి లేదని తీర్పు అయింది.

ఆగితే మాత్రం ట్రాక్టరే. ఆ తీర్పు మారలేదు. శుక్రవారమే తిరణాల. నువ్వు రావాల.

ఇట్లు, తల ఎత్తుకున్న
నీ మామ.

తా.క.: ఇన్నేళ్ళు నువ్వు తాగి మిగిల్చిన మజ్జిగ ఏమవుతోందో ఎప్పుడైనా అడిగినావా అని మీ అత్త అంటోంది. అడగలా. ఇప్పుడు అడగడానికి భయంగా ఉండాది.


వెంకటాచలం,
బుధవారం.

మామకు వెన్నెల నమస్కారాలు.

రాలేను. శుక్రవారం కృష్ణపట్నం కంపెనీ బస్సులన్నీ తనిఖీకి వస్తున్నాయి, నేను లేకపోతే కుదరదన్నారు. ఏడుపొచ్చింది.

ట్యాంకు నిండా పోయించు. ఫిల్టరు కొత్తది వేశాను, దాని జోలికి పోవద్దు. హజరత్తయ్య అన్నని తొందరపడొద్దని చెప్పు.

మామా, నాకు భయంగా ఉంది. బర్రెల వెనక తోలినప్పుడు ఈ భయం లేదు. ఏదో ఒక క్లిప్పు నేను సరిగ్గా బిగించలేదేమో అని పడుకున్నా లేచినా అదే ఆలోచన. అది ఆగితే మీ నాయన నాటి హక్కు నా చేతుల మీదుగా పోతుంది. నువ్వు నా గురించి చెప్పుకున్నదంతా నీకే నవ్వులాట అవుతుంది. అందుకే భయం.

నీ మేనకోడలు,
వెన్నెల.

తా.క.: ఆర్చి దగ్గరకు వచ్చేటప్పుడు అత్తని ఫోన్ పట్టుకోమను. నువ్వు పట్టుకోవద్దు.


పెదపాలెం,
శనివారం.

మా ఇంటి బంగారం వెన్నెలకు మామ రాయునది.

ముందు అసలు సంగతి రాస్తాను. జీపు ఆగలా.

మీ అత్త ఫోను పట్టుకుంటే నీకు డప్పులే వినపడినాయంట, ఇంజను చప్పుడు లేదు కాబట్టి ఆగిపోయిందని నువ్వు ఏడ్చినావంట, అంతలో ఆమె ఫోన్లో చార్జింగు అయిపోయిందంట. ఆగలేదమ్మా. అది అంత నెమ్మదిగా తిరుగుతా ఉండింది. నేను బానెట్ మీద చెయ్యి ఆనించి నడిచినాను గాబట్టి నాకు తెలుసు.

కొత్తూరు ఆర్చి ముందర ఓబులేసు ట్రాక్టరు స్టార్టు చేసి, మోకు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎండ నిప్పులు చెరుగుతా ఉంది. డప్పుల వాళ్ళు కావాలని అక్కడ నిదానించినారు. జీపు నిదానించింది గానీ ఆగలా. అమ్మ ఆర్చి దాటింది. నేను ఓబులేసును చూసి నవ్వాలని ముందే అనుకున్నా, నవ్వలేకపోయినా, కళ్ళనీళ్ళు వచ్చేసినాయి. నా జన్మలో అంత గర్వంగా ఎప్పుడూ నడవలా.

కానీ వెన్నెలా, మనిద్దరం ఒక సంగతి మరిచిపోయినాం. ప్రతి ఏడూ ఆ పాత జీపు దారిలో చిన్నగా ఎక్కడో ఒకచోట మొరాయించేది గదా, దాన్ని నెట్టి కదిలించేవాళ్ళం. అది ఎవరి వాకిట్లో నిలబడితే ఆ ఇంటికి అమ్మ తనంత తానే వచ్చిందని వాళ్ళు హారతి ఇచ్చేవాళ్ళు. ఆ ఏడంతా ఆ ఇంటికి మర్యాద. ఈసారి రెండూళ్ళలో ప్రతి గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడినారు. నీ ఇంజెక్షను ఒక్క వాకిట్లో ఆగలా. మనంతట మనం ఆపుదామంటే, అదిగో ఆగింది అని ఓబులేసు అంటాడని నేనే హజరత్తయ్యను ఆపనియ్యలా.

సముద్రంలో అమ్మ స్నానం అయ్యేసరికి ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టినారు. మన పాలెం వాళ్ళూ, కొత్తూరు వాళ్ళూ కలిసిపోయినారు. ఓబులేసు తల్లి ఆదిశేషమ్మ, నడవలేని మనిషి, ఆరిపోయిన పళ్ళెం పట్టుకుని ఇసకలో కూర్చుని ఏడ్చింది. "తెలియనోళ్ళ ఇంటి ముందర పోయినట్టు పోయింది గదయ్యా తల్లి. మేమేం తప్పు చేసినాం?" అనింది. నా గర్వం అంతా ఎక్కడిదక్కడ దిగిపోయింది.

అప్పుడు నీ పైపు గుర్తొచ్చింది.

స్నానం అయినాక అమ్మను కాలవ గట్టు మీద నుంచి చప్పుడు లేకుండా గుడికి చేర్చడం ఆనవాయితీ. వచ్చిన దారిన వెనక్కి పోయేది లేదు. నేను జీపు ఎక్కి నిలబడి చెప్పినా. "అమ్మ తన దీవెన తెచ్చి ముందర సముద్రానికి పంచింది. మిగిలిందంతా అదే దారిలో వెనక్కి తీసుకుపోతుంది. అందరూ మీ వాకిళ్ళలో నిలబడండి." కామాక్షయ్య ఏదో అనబోయినాడు. శాస్త్రంలో వద్దని ఉందా స్వామీ అని అడిగినా. లేదన్నాడు.

తిప్పించినా. ప్రతి గుమ్మం ముందరా నిలబెట్టించినా. ఇంజను తిరుగుతానే ఉండింది, బండి ఒక్కటే నిలబడింది, కాబట్టి తీర్పుకు అడ్డం లేదు. కొత్తూరు ఆర్చి దగ్గర ఆదిశేషమ్మను మంచం మీద కూర్చోబెట్టి ఓబులేసు పళ్ళెం పట్టుకున్నాడు. నేను అందరూ వినేట్టు అడిగినా. "ఇది అందరికీ ఇచ్చి మిగిలింది ఓబులేసూ. ఎంగిలి అనుకుంటే పక్కకు తప్పుకో." వాడు హారతి ఇచ్చి, రెండు చేతులతో కళ్ళకు అద్దుకుని, వాళ్ళమ్మ కళ్ళకు కూడా అద్దినాడు.

నాకు ఏమనిపించిందో ఏమో, ఎవరినీ అడక్కుండా అక్కడికక్కడే చెప్పేసినా. వచ్చే ఏటి నుంచి పోయేది మా జీపు మీద, వెనక్కి వచ్చేది ఓబులేసు ట్రాక్టరు మీద. రెండూళ్ళ వాళ్ళూ ఒక్కసారిగా అరిచిన అరుపుకు డప్పులు వినపడలా. పెద్దలు రాత్రే తీర్మానం చేసినారు. ఆ వెనక్కి వచ్చే ఊరేగింపుకు అందరూ అప్పుడే పేరు కూడా పెట్టేసినారు, అమ్మవారి రిటన్ అంటున్నారు.

నువ్వు ఉండాల్సింది. ఆర్చి దగ్గర నేను మైకులో నీ పేరు చెప్పినా. మీ నాయన పేరు, ఊరి పేరు, డిప్లొమా, అన్నీ చెప్పినా. చాల్లే దిగు అని మీ అత్త పంచె పట్టుకుని లాగింది, అయినా ఇంకోసారి చెప్పి దిగినా.

ఇట్లు, వెన్నెల మేనమామ
చిన్నపోలయ్య. (ఇప్పుడు రెండూళ్ళలో నన్ను అట్లాగే పిలుస్తున్నారు.)

తా.క.: సోమవారం ఓబులేసు ట్రాక్టరు తోలుకుని నీ దగ్గరకు వస్తున్నాడు. ఎండలో నడకన పోయినా ఆగకుండా ఉండేట్టు చూడాలంట. చెయ్యి. శ్రద్ధగా చెయ్యి, మన అమ్మే గదా ఎక్కేది. కానీ మన జీపు కంటే ఒక్క పిసరు తక్కువగా చెయ్యి.